పొలంలో బండి దిగబడితే ఏది బయట పడేస్తది: ఎల్‌ఎస్‌డీయా, లాకరా? (మరిపెడ నుంచి వీడియోతో)



జీవామృతం తయారీ వీడియో చూసి ఫోన్ చేసిన వాళ్లలో చాలామంది జీవామృతం సంగతి రెండు నిమిషాల్లో ముగించి బండి సంగతి మొదలుపెడుతున్నారు. "అన్నా, అన్ని డ్రమ్ములు పొలం దాక ఎట్ల తీస్కపోతున్నవ్? వానకాలంల బండి దిగబడదా?" అని. ఇద్దరు ముగ్గురైతే ఇంకో అడుగు ముందుకేసి "పాత ఫోర్ బై ఫోర్ జీపు తీసుకుందామనుకుంటున్న, ఎల్‌ఎస్‌డీ ఉన్నది మంచిదా, లాకర్ ఉన్నది మంచిదా?" అని అడిగారు. అందుకే ఈసారి ఎరువులు, కషాయాలు పక్కన పెట్టి చక్రాల గురించి మాట్లాడుకుందాం. పైన ఉన్న వీడియోలో మా పొలం బాట మీద ట్రాక్టర్‌తో చేసి చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం చాలని లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

ప్రకృతి సేద్యం చేసే వాళ్లకు ఈ ముచ్చట ఎందుకంటే, మన బరువులు ఎక్కువ. రసాయన ఎరువులు వేసే రైతు 45 కిలోల యూరియా బస్తాను బైకు మీద వేసుకొని గెట్టు దాకా పోతాడు. మనకు ఎకరానికి ఒక్కసారికి 200 లీటర్ల జీవామృతం కావాలె. 5 ఎకరాలంటే 5 డ్రమ్ములు, అంటే ఒక టన్ను. అది కూడా 15 రోజులకోసారి. దుక్కిలో వేసే ఘనజీవామృతం, పశువుల ఎరువు, ఆచ్ఛాదనకు వేసే గడ్డి వేరే. ఇవన్నీ సరిగ్గా వానలు పడేటప్పుడే, బాట బురదగా ఉన్నప్పుడే పొలానికి చేరాలె. బండి దిగబడి రెండు రోజులు ఆగితే పులిసిన జీవామృతం దాని అదును దాటిపోతుంది.

మా దగ్గర నేల నాలుగు తీర్లు

మరిపెడ అంటే వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉంటుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మా చుట్టుపక్కల ఎర్ర చల్కలు ఉన్నాయి, నల్లరేగడి ఉంది, బావుల కింద, కాలువ కింద వరి మడులు ఉన్నాయి, ఆకేరు వాగు పొంటి ఇసుక ఉంది. ఒకే మండలంలో బండి నాలుగు తీర్లుగా దిగబడుతుంది.

చల్కలో పైన నాలుగు వేళ్ల మందం బురద, కింద గట్టి నేల. చక్రం జారుతుంది కానీ ఎక్కువ లోతుకు పోదు. రేగడిలో మన్ను టైరు గుబ్బల మధ్య నిండిపోయి టైరు నున్నగా గుండులాగా అవుతుంది. వరి మడిలో అడుగే దొరకదు. ఇసుకలో చక్రం ఎంత తిప్పితే అంత గుంత తవ్వుకొని ఇరుసు దాకా కూర్చుంటుంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి. ఎల్‌ఎస్‌డీ, లాకర్ అన్ని చోట్లా ఒకే తీరుగా పని చేయవు.

డిఫరెన్షియల్ అంటే ఏంది?

పెద్దవాళ్లకు కల్లంలో బంతి కట్టడం యాదికుంటది. నడుమ గుంజకు దగ్గరగా కట్టిన ఎద్దు చిన్న చిన్న అడుగులేసుకుంటూ ఉన్నచోటే తిరుగుతుంది. చివరన కట్టిన ఎద్దు ఉరికినంత పని చేస్తుంది. రెండూ ఒకే బంతిలో ఉన్నాయి, రెండూ ఒకేసారి ఒక చుట్టు పూర్తి చేస్తాయి, కానీ నడిచిన దూరం వేరు.

బండి మలుపు తిరిగినప్పుడు వెనక చక్రాలకు ఇదే జరుగుతుంది. లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం. ఎడ్లబండిలో ఈ తిప్పలు లేవు. అక్కడ ఇరుసు తిరగదు, చక్రాలు దేనికది ఇరుసు మీద తిరుగుతాయి. ఇంజన్ బండిలో మాత్రం ఇరుసే చక్రాన్ని తిప్పాలి. రెండు చక్రాలకు బలం అందాలి, అయినా రెండూ వేర్వేరు వేగంతో తిరగగలగాలి. ఆ పని చేసేదే ఇరుసు నడుమ గుండ్రటి గుల్లలో ఉండే డిఫరెన్షియల్. క్రౌన్, పినియన్, లోపల చిన్న స్టార్ పినియన్లు. ఫ్రాన్స్‌లో గడియారాలు చేసే ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఆయన 1827లో ఆవిరి బండి కోసం దీన్ని కనిపెట్టాడు. ఇప్పటికీ మన ట్రాక్టర్‌లో, ఆటోలో, లారీలో ఉన్న సూత్రం అదే.

దీనిలో ఒక్కటే లోపం. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలాన్ని సరిసమానంగా పంచుతుంది. "సమానం అంటే మంచిదే కదా" అనిపిస్తది. కానీ ఒక చక్రం బురదలో ఉండి కొంచెం బలానికే జారిపోతే, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ ఆ కొంచెమే అందుతుంది. అందుకే దిగబడ్డ బండిలో ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే, రెండోది కదలకుండా నిలబడి చూస్తుంటుంది.

లెక్క చూస్తే తేలిపోతుంది

వీడియోలో 4వ నిమిషం దగ్గర బోర్డు మీద రాసిన లెక్క ఇదే. ఎవరి బండికి వాళ్లు అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

బండి కదలాలంటే 600 కిలోల లాగుడు బలం కావాలనుకుందాం. ఎడమ చక్రం బురదలో ఉంది, అది 200 కిలోల వరకే పట్టు ఇస్తుంది. కుడి చక్రం గట్టి నేల మీద ఉంది, 800 కిలోల వరకు పట్టు ఇస్తుంది.

మామూలు డిఫరెన్షియల్: ఎడమ 200, కుడికీ అదే 200. మొత్తం 400. బండి కదలదు.

ఎల్‌ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్: జారే చక్రానికి అందిన బలానికి ఇన్ని రెట్లు అని పట్టు ఉన్న చక్రానికి పంపుతుంది. ఆ రెట్టింపు రెండున్నర అనుకుంటే ఎడమ 200, కుడి 500. మొత్తం 700. బండి కదులుతుంది.

లాకర్: రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించినట్టు కలిపేస్తుంది. ఏ చక్రానికి ఎంత పట్టు ఉంటే అంత వాడుకుంటుంది. 200, 800 కలిపి 1,000. బండి సులువుగా కదులుతుంది.

ఇప్పుడు బురద ఇంకా పలచన అయింది, ఎడమ చక్రానికి 50 కిలోల పట్టే ఉంది అనుకోండి. మామూలుది 100 ఇస్తుంది. ఎల్‌ఎస్‌డీ 50కి 125 కలిపి 175 ఇస్తుంది. లాకర్ 850 ఇస్తుంది. ఇక్కడ ఎల్‌ఎస్‌డీ కూడా చేతులెత్తేసింది.

ఒక చక్రం గెట్టు దిగేటప్పుడు గాలిలో లేస్తే? సున్నాకు ఎన్ని రెట్లు వేసినా సున్నానే. లాకర్ మాత్రం రెండో చక్రానికి ఉన్న పట్టంతా ఇస్తుంది.

ఆఖరి లెక్క అందరూ మరిచిపోయేది. రెండు చక్రాలూ మడిలో ఉన్నాయి, రెండింటికీ తలా 150 కిలోల పట్టే ఉంది. మామూలుది 300, ఎల్‌ఎస్‌డీ 300, లాకర్ కూడా 300. ముగ్గురూ ఒక్కటే! లాకర్ ఉన్న పట్టును కూడగట్టగలదు కానీ లేని పట్టును పుట్టించలేదు. అందుకే కరిగట చేసేటప్పుడు మనకు కేజ్ వీల్స్ కావాలె. అక్కడ డిఫ్ లాక్ తొక్కి లాభం తక్కువ.

ఎల్‌ఎస్‌డీలో రకాలు

ఎల్‌ఎస్‌డీ మొదట పుట్టింది బురద కోసం కాదు, రేసు కార్ల కోసం. 1930ల్లో జర్మనీ రేసు కార్లలో ఇంజన్ బలం ఎక్కువై మలుపులో లోపలి చక్రం ఊరికే తిరుగుతుంటే దాన్ని ఆపడానికి తెచ్చారు. ఇప్పుడు మనకు ఎదురయ్యేవి మూడు రకాలు.

మొదటిది క్లచ్ ప్లేట్ల రకం. డిఫరెన్షియల్ లోపల చిన్న చిన్న ప్లేట్లు ఉంటాయి. ఒక చక్రం మరీ వేగంగా తిరగబోతే ఆ ప్లేట్ల రాపిడి దాన్ని పట్టుకుంటుంది. ఇవి స్ప్రింగులతో ముందే కొంచెం నొక్కి ఉంటాయి కాబట్టి చక్రం గాలిలో లేచినా రెండో చక్రానికి కొంత బలం పోతుంది. కానీ ఇవి అరిగిపోతాయి. పాత బండిలో ఎల్‌ఎస్‌డీ ఉందని చెప్పి అమ్ముతారు, లోపల ప్లేట్లు నున్నగా అయి మామూలు డిఫరెన్షియల్‌గానే నడుస్తుంటుంది. దీనికి కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. ఏదో ఒక గేరాయిల్ పోస్తే మలుపుల్లో కటకట చప్పుడు మొదలవుతుంది.

రెండోది గేర్ల రకం, టార్సెన్ వంటివి. ప్లేట్లు ఉండవు, అరుగుదల తక్కువ, తారు రోడ్డు మీద చాలా సాఫీగా ఉంటుంది. పైన లెక్కలో చెప్పిన "ఇన్ని రెట్లు" అనేది దీనికే బాగా సరిపోతుంది. చక్రం గాలిలో లేస్తే పని చేయనిది కూడా ఇదే.

మూడోది బ్రేకు రకం. మారుతీ జిమ్నీలో ఉండేది ఇదే. లోపల మామూలు డిఫరెన్షియలే. ఒక చక్రం జారుతుంటే కంప్యూటర్ ఆ ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. బ్రేకు పడ్డ చక్రం బరువెక్కుతుంది కాబట్టి అంతే బలం రెండో చక్రానికి పోతుంది.

ఇది కొత్త టెక్నాలజీ అనుకునేరు. మన ట్రాక్టర్‌కు కుడి కాలు కింద రెండు బ్రేకు పెడల్లు ఎందుకున్నాయి? కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. ఎడమ చక్రం తిరుగుతుంటే ఎడమ బ్రేకు మెల్లగా తొక్కితే కుడి చక్రం లాగుతుంది. మన డ్రైవర్లు కాలుతో ఎప్పటినుంచో చేస్తున్న పనినే ఇప్పుడు జీపులో కంప్యూటర్ చేస్తోంది. అయితే సగం బలం బ్రేకు తింటుంది, ఎక్కువసేపు చేస్తే బ్రేకులు వేడెక్కుతాయి. రెండు మూడు గజాలు బయటపడటానికే పనికొస్తుంది.

క్లచ్ రకం, గేర్ల రకం ఎల్‌ఎస్‌డీ ఉన్న జీపులో కూడా ఇదే ఉపాయం. చక్రం లేచినప్పుడు బ్రేకు కొంచెం తొక్కి పెట్టి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే జారే చక్రానికి కొంత బరువు దొరుకుతుంది, దాని రెట్టింపు రెండో చక్రానికి పోతుంది. హ్యాండ్ బ్రేకుతో చేద్దామనుకుంటే ముందు అది ఎక్కడ పట్టుకుంటుందో చూసుకోండి. కొన్ని పాత జీపుల్లో అది చక్రాలను పట్టదు, షాఫ్టును పడుతుంది.

లాకర్‌లో రకాలు

మనం వేసే లాకర్, తనంతట తానే పడే లాకర్ అని రెండు తీర్లు.

మనం వేసే లాకర్ అందరికీ తెలిసిందే, మనకే దాని పేరు తెలియదు. ట్రాక్టర్ సీటు కింద మడమ దగ్గర ఉండే చిన్న పెడల్, డిఫ్ లాక్. కాలు పెడితే పడుతుంది, తీస్తే స్ప్రింగు వదిలేస్తుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ విడివిడిగా ఇలాంటి లాక్‌లు ఉంటాయి. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ చేసే ఎయిర్ లాకర్ గాలి ఒత్తిడితో పడుతుంది, దానికి బండిలో చిన్న కంప్రెసర్ పెట్టుకోవాలి. ఈ రకంలో పెద్ద లాభం ఏమిటంటే, లాక్ తీసేస్తే బండి మామూలు బండే.

తనంతట తానే పడే రకం 2020లో వచ్చిన థార్‌లో కొన్నింటికి వెనక ఇరుసులో ఉంటుంది. ఈటన్ కంపెనీ డిజైన్. ఒక చక్రం రెండోదానికంటే నిమిషానికి సుమారు 100 చుట్లు ఎక్కువ తిరిగితే లోపల ఒక చిన్న బరువు బయటికి విసురుకొని కొక్కెం పడుతుంది, ఇరుసు లాక్ అవుతుంది. బండి వేగం పెరిగితే లాక్ పడదు. స్విచ్చు లేదు, పెడల్ లేదు. డ్రైవర్ ఆలోచించే పని లేదు, అది లాభం. కానీ చక్రం ముందు జారి తిరిగితేనే పడుతుంది. తడి నేలలో ఆ తిరుగుడులోనే చక్రం కొంత గుంత చేసుకుంటుంది, అది నష్టం. చేతితో వేసే లాకర్ బురదలోకి దిగకముందే వేసుకోవచ్చు.

"ఫోర్ బై ఫోర్ ఉంటే ఇవన్నీ ఎందుకన్నా?" అని అడుగుతారు. నాలుగు చక్రాలకు బలం పోయినా, ముందూ వెనకా మామూలు డిఫరెన్షియల్‌లే ఉంటే ముందు ఒకటి, వెనక ఒకటి జారితే చాలు, బండి ఆగిపోతుంది. బాటకు అడ్డంగా కాలువ దాటేటప్పుడు ఎదురుమూలల చక్రాలు రెండు లేచిపోయేది అప్పుడే.

డిఫ్ లాక్ తొక్కే పద్ధతి

ట్రాక్టర్ ఉన్న ఇంట్లో కూడా డిఫ్ లాక్ సరిగా వాడేది తక్కువమంది. పద్ధతి చెప్తాను.

ఒకటి, బురద కనబడుతుంటే లోపలికి పోకముందే వేయండి. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు తొక్కితే లోపలి పళ్లు కొట్టుకొని విరుగుతాయి. అప్పటికే జారుతుంటే క్లచ్ తొక్కి చక్రాలు ఆగనిచ్చి, అప్పుడు డిఫ్ లాక్ వేసి, క్లచ్ మెల్లగా వదలండి.

రెండు, తిన్నగా పోయేటప్పుడే. లాక్ పడ్డ ట్రాక్టర్ మలగదు. స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు అడ్డంగా జారుతూ తిన్నగానే పోతుంది. గెట్టు మీద, బావి ఒడ్డున, మోరీ దగ్గర ఇది ప్రాణం మీదికి వస్తుంది.

మూడు, లాక్ ఉన్నప్పుడు ఒకవైపు బ్రేకు ఒక్కటే తొక్కకండి.

నాలుగు, గట్టి నేల ఎక్కగానే తీసేయండి. కాలు తీసినా లాక్ వదలకపోతే క్లచ్ తొక్కండి, ఇరుసు మీద బరువు తగ్గగానే వదులుతుంది. తారు రోడ్డు మీద లాక్‌తో మలిస్తే టైర్లు అరగడమే కాదు, హాఫ్ షాఫ్ట్ విరగొచ్చు.

మొద్దు కట్టకండి

ఈ ఒక్కటి మాత్రం తప్పక చదవండి. మొన్న వానలకు మా పొలం పక్క బాటలో ఎరువు ట్రాలీతో ఒక ట్రాక్టర్ ఇరుసు దాకా కూరుకుపోయింది. నేను పోయేసరికి ఒక పెద్దమనిషి తుమ్మ మొద్దు, గొలుసు పట్టుకొని వచ్చి ఉన్నాడు.

"వెనక చక్రాలకు అడ్డంగ మొద్దు కట్టు కొడుకా, ఒక్క దెబ్బకు ఎక్కుతది" అన్నాడు.

"వద్దు కాకా, ముందర లేస్తది" అన్నాను.

"ఎన్ని బండ్లు తీసిన నేను!"

"తీసినవ్ కాకా, కాదంట లేను. గని చక్రం తిరగకపోతే ఇంజన్ ఏం తిప్పాలె? బండినే తిప్పుతది."

విషయం అంతే. చక్రాలకు కట్టిన మొద్దు నేలకు తగిలి ఆగిపోతే చక్రం తిరగలేదు. ఇంజన్ బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అది ఇరుసు చుట్టూ ట్రాక్టర్ ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచిన తర్వాత ట్రాక్టర్ వెల్లకిలా పడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. డ్రైవర్ క్లచ్ తొక్కే టైం ఉండదు. సీటు మీద ఉన్న మనిషి ట్రాక్టర్ కింద ఉంటాడు. డిఫ్ లాక్ వేసి, పూర్తిగా కూరుకుపోయిన బండికి ఒక్కసారిగా క్లచ్ వదిలినా ఇదే ప్రమాదం.

మేం ట్రాలీ ఊడదీశాం. చక్రాల వెనక పారతో వాలుగా మన్ను తీసి వరిగడ్డి, కంది కట్టె వేశాం. డిఫ్ లాక్ వేసి వెనక్కి నడిపితే బయటికి వచ్చింది. వచ్చిన దారిలో ఎంతో కొంత గట్టి నేల ఉంటుంది కాబట్టి, ముందుకు పోయేదానికంటే వెనక్కి తీయడం ఎప్పుడూ సులువు. వెనక్కి తీసేటప్పుడు ముందు భాగం లేచే భయం కూడా తక్కువ. ఇంకో ట్రాక్టర్‌తో లాగితే లాగే ట్రాక్టర్‌కు గొలుసు కింద డ్రాబార్‌కే కట్టాలి, పైన టాప్ లింక్ దగ్గర కట్టొద్దు. పైన కడితే లాగే బండి లేస్తుంది.

లాకర్ ఉందని వాగులోకి పోవద్దు

2024 సెప్టెంబర్ 1న ఆకేరు ఎట్ల వచ్చిందో మా మండలం మరిచిపోలేదు. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా నీళ్లు పారాయి, సీతారాం తండా మునిగింది. వాగు పొంటి పొలాల్లో ఇసుక మేటలు వేసింది.

ఎల్‌ఎస్‌డీ అయినా, లాకర్ అయినా చక్రం నేలను పట్టుకుంటేనే పని చేస్తాయి. పారే నీళ్లలో బండి తేలుతుంది. అడుగు లోతు నీళ్లకే చాలా కార్లు తేలడం మొదలుపెడతాయి, రెండు అడుగుల నీళ్లు పెద్ద జీపును కూడా కొట్టుకపోతాయి. తేలిన బండికి నాలుగు చక్రాలకు పట్టు సున్నా. పైన లెక్కలో చూశాం కదా, సున్నా అంటే లాకర్‌కూ సున్నానే. వాగు దిగేదాక ఆగడం తప్ప ఏ బండికీ వేరే తెలివి లేదు.

ఇసుక మేటల్లో పని చేసేటప్పుడు మాత్రం డిఫ్ లాక్ బాగా అక్కరకొస్తుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, లాక్ ముందే వేసి, ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడం మరవొద్దు.

చక్రం తిరిగితే నేల ఏమవుతుంది?

మన పాఠకులకు అసలు ముచ్చట ఇది. మనం వాఫస గురించి మాట్లాడుతాం. మట్టి రేణువుల నడుమ గాలి, తేమ రెండూ ఉండాలి అంటాం. వానపాముల కోసం ఏండ్ల తరబడి గడ్డి పరుస్తాం. అట్లాంటి తడి నేలలో ఒక చక్రం పది చుట్లు ఊరికే తిరిగితే ఏమవుతుంది? మట్టి కుమ్మరి సారె మీద మెత్తినట్టు నున్నగా అతుక్కుపోతుంది. ఆ పొరలోంచి నీళ్లు దిగవు, గాలి పోదు, వేరు పోదు. వేసవిలో అదే చోట ఇటుకలాగా పలుగుతుంది. చక్రం జారకుండా మెల్లగా పోయిన చోట ఆ నష్టం చాలా తక్కువ. కాబట్టి లాకర్‌ను బండి బయటపడే ఉపాయంగానే కాదు, నేలను చీల్చకుండా నడిచే ఉపాయంగా కూడా చూడాలి.

దుక్కి దున్నేటప్పుడు చక్రం 8 నుంచి 15 శాతం దాకా జారడం మామూలే. అంతకు మించితే డీజిల్, టైరు, నేల మూడూ నష్టం. దీన్ని కొలవడం సులువు, వీడియోలో 11వ నిమిషం దగ్గర చేసి చూపించాను. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టండి. పనిముట్టు లేపి 10 చుట్లు నడిపి దూరం కొలవండి. తర్వాత పనిముట్టు దించి దున్నుతూ మళ్లీ 10 చుట్లు నడిపి కొలవండి. మొదట 40 మీటర్లు, రెండోసారి 35 మీటర్లు వస్తే 5 మీటర్లు జారినట్టు, అంటే పన్నెండున్నర శాతం. బాగుంది. రెండోసారి 28 మీటర్లే వస్తే 30 శాతం జారుతోంది. అప్పుడు లోతు తగ్గించండి, లేకపోతే నేల ఆరేదాకా రెండు రోజులు ఆగండి.

పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపుతారు. పొడి దుక్కిలో, ట్రాలీ లాగుడులో అది మంచిదే. కానీ ఆ బరువంతా తడి పొలంలో నేల లోతుల దాకా గట్టిపడేలా నొక్కుతుంది. లోతున గట్టిపడ్డ నేలను గొర్రుతో పైపైన దున్ని బాగుచేయలేం. కోతలప్పుడు తడి మడిలోకి టైర్ మిషన్ కాక చైన్ మిషన్ పిలిచేది కూడా ఇందుకే. బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది. మా పొలంలో బండ్లు తిరిగే బాట ఒక్కటే పెట్టుకున్నాం. ట్రాలీ గెట్టు దగ్గరే ఆగుతుంది, అక్కడి నుంచి జీవామృతం పైపుతో, ఘనజీవామృతం గంపలతో పోతుంది.

ఎవరికి ఏది?

ట్రాక్టర్ ఉన్నవాళ్లకు వేరే కొనాల్సింది ఏమీ లేదు. మీ డిఫ్ లాక్ పని చేస్తుందో లేదో చూసుకోండి. చాలా బండ్లలో పెడల్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మెత్తటి నేల మీద తిన్నగా మెల్లగా నడుపుతూ తొక్కి, స్టీరింగ్ కొంచెం తిప్పి చూడండి. బండి మలగడానికి మొండికేస్తే లాక్ పడినట్టు.

రోజూ తారు రోడ్డు మీద తిరుగుతూ, కూరగాయలు మార్కెట్‌కు తీసుకపోతూ, అప్పుడప్పుడు చల్క బాటలో పొలానికి పోయేవాళ్లకు ఎల్‌ఎస్‌డీ చాలు. దాన్ని గుర్తుపెట్టుకొని వేసే పని లేదు, తీసే పని లేదు, ఇంట్లో ఎవరు నడిపినా ఇబ్బంది లేదు.

రేగడి బాట, గుంతలు, గెట్లు దాటే పని ఉంటే లాకర్ కావాలె. డ్రైవర్‌కు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో తెలిస్తే చేతితో వేసేది మేలు. పది మంది చేతులు మారే బండి అయితే తనంతట తాను పడేదే మేలు.

వరి మడిలోకే దిగాలంటే రెండూ కాదు, కేజ్ వీల్స్.

పాత జీపు కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. చదును నేల మీద ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు తీయండి. ఒక చక్రాన్ని చేతితో తిప్పండి. రెండోది ఎదురు దిక్కు తిరిగితే అది మామూలు డిఫరెన్షియల్, లేదా ప్లేట్లు అరిగిన ఎల్‌ఎస్‌డీ. రెండూ ఒకే దిక్కు తిరిగితే క్లచ్ రకం ఎల్‌ఎస్‌డీ బతికే ఉంది. చేతితో వేసే లాకర్ అయితే తీసినప్పుడు ఎదురు దిక్కు, వేసినప్పుడు ఒకే దిక్కు తిరగాలి. తనంతట తాను పడే రకానికి ఈ పరీక్షతో తేలదు, దాన్ని బురదలో నడిపి చూడాల్సిందే. కొత్త బండికి బయట లాకర్ బిగించుకోవాలనుకుంటే వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి ముందే కాగితం మీద తెలుసుకోండి.

ఇవన్నీ కొనకముందు ఇంకో పని ఉంది, అది అందరికంటే చౌక. పొలం బాటలో నీళ్లు నిలిచే చోట రెండు ట్రాలీల మొరం పోసి, పక్కన చిన్న కాలువ తీయండి. వానలు మొదలుకాకముందు ఇరుగుపొరుగు నలుగురు కలిస్తే ఒక్క రోజు పని. మా బాటలో అట్ల చేసిన చోట ఇప్పుడు డిఫ్ లాక్ తొక్కే అవసరమే రావట్లేదు.

వచ్చే వీడియోలో గెట్టు దగ్గర డ్రమ్ము పెట్టి, మోటరు నీళ్లతో పాటు జీవామృతం మడులకు పారించే ఏర్పాటు చూపిస్తాను. అందాక బండ్లు పైలంగా నడపండి.